సందేహభారము ఎవరిది? – ఇంధన విషయమున ఒక ధర్మవిచారము

సంశయమును మన పెద్దలు రెండు విధములుగా చూచిరి. సంశయగ్రస్తుడైన వానికి ఇహపరములు రెండును లేవని భగవద్గీత హెచ్చరించుచున్నది. గౌతముని న్యాయశాస్త్రమో, తెలియవలసిన పదునారు పదార్థములలో ప్రమాణ ప్రమేయముల వెంటనే మూడవ స్థానమును సంశయమునకే ఇచ్చినది. ఏమియు తెలియని విషయమునందు విచారము పుట్టదు. పూర్తిగా నిశ్చయమైన దానియందు విచారముతో పని లేదు. సందేహము కలిగిన చోటనే తర్కమునకు అవకాశమని ఆ శాస్త్రమునకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుని అభిప్రాయము. ఒకచోట వినాశహేతువైనది వేరొకచోట జ్ఞానద్వారము ఎట్లయ్యెను? పైకి విరోధముగా తోచు ఈ రెండు మాటలును సత్యములే. వాని భేదమును తెలిసికొనుటకు నేటి కాలమున పెట్రోలును మించిన ఉదాహరణము కానరాదు.

ఇంధన విషయమున నేడు సందేహింపనివాడు అరుదు. క్రొత్త బండి కొన్నవాడు, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు నడచునని తయారీదారు చెప్పిన లెక్కను సందేహించును. భూగర్భమున నూనె అడుగంటుచున్నదను మాటను ఒకరు, ఎన్నటికిని అడుగంటదను మాటను మరియొకరు సందేహింతురు. విద్యుత్తుతో నడచు బండికి పొగ లేదన్నచో, మన దేశమున ఆ విద్యుత్తు అధికభాగము బొగ్గును కాల్చుటవలననే వచ్చుచున్నది గదా యని అడుగువారు కలరు. పొదుపు చేయుడని ప్రభుత్వము ప్రకటించునపుడు, ఈ పొదుపు ఎవరి మేలునకని అడుగువారును కలరు. ఈ ప్రశ్నలను అడుగువారినందరిని మూర్ఖులనుట అన్యాయము. అందరిని సత్యాన్వేషకులనుటయు అంతే అన్యాయము. వీరిని వేరుపరచు గీటురాయి ఏది?

న్యాయశాస్త్రము చర్చను మూడు తెగలుగా విభజించినది. తత్త్వము తెలియగోరి ఉభయులును ప్రమాణములతో మాటలాడినచో అది వాదము. గెలుపే ప్రధానమై, అందుకొరకు మాటల మెలికలను సయితము వాడినచో అది జల్పము. తనదంటూ ఏ పక్షమును నిలుపక, ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నచో అది వితండము. పదార్థములలో సంశయము మూడవదైనచో నిర్ణయము తొమ్మిదవది. అనగా సంశయము నిర్ణయము వైపు నడచు బాటసారి. వితండమునకు చేరవలసిన ఊరు లేదు. దారిని మూసి కూర్చుండుటయే దాని ప్రయోజనము.

నిజమైన సంశయమునకు ఒక మంచి ఉదాహరణము 1865లో ఇంగ్లండున వెలువడినది. విలియం స్టాన్లీ జెవన్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆ యేట 'బొగ్గు సమస్య' అను అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ కాలమున బ్రిటిషు పరిశ్రమలకు బొగ్గే ప్రాణము. యంత్రములు నానాటికి మెరుగగుచున్నవి, తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయుచున్నవి, కావున బొగ్గునకు కరవు రాదని పలువురు ధైర్యము చెప్పుచుండిరి. జెవన్స్ ఆ ధైర్యమునే సందేహించెను. జేమ్స్ వాట్ నిర్మించిన ఆవిరియంత్రము, దానికి ముందున్న న్యూకొమెన్ యంత్రముకంటె ఎంతో తక్కువ బొగ్గును తినునది. కాని ఖర్చు తగ్గుటవలననే ఆవిరియంత్రము గనులను దాటి మిల్లులకు, మిల్లులను దాటి మరి యెన్నో పనులకు వ్యాపించెను. దేశము కాల్చు బొగ్గు మొత్తము పెరిగెను. స్కాట్లండున ఇనుము కరగించు కొలుములలో టన్ను ఇనుమునకు పట్టు బొగ్గు మూడవవంతుకంటె తక్కువకు దిగినదనియు, 1830 నుండి 1863 లోపల ఆ పరిశ్రమలోనే మొత్తము బొగ్గు వాడుక పదిరెట్లైనదనియు ఆయన లెక్క చూపెను. యంత్రము చేయు పొదుపు వేరు, మనుష్యుడు చేయు పొదుపు వేరు అని దీని తాత్పర్యము.

జెవన్స్ సందేహించి ఊరకుండలేదని గమనింపవలెను. ఇతరులు సరిచూడదగిన అంకెలను ముందుంచెను. బొగ్గు సమృద్ధిగా నున్న దినములలోనే జాతీయఋణమును తగ్గించుకొని, రాబోవు తరములపై భారము మోపకుండవలెనని తన పక్షమును స్పష్టముగా నిలిపెను. ఆయన అన్నియు సరిగా ఊహించెనని కాదు. ఇంగ్లండున బొగ్గు వహించిన స్థానమును ముందు ముందు నూనె ఆక్రమించునని ఆయన కనిపెట్టలేకపోయెను. అయినను అది సత్పురుషుని సంశయమే. తప్పిన చోటను తప్పని చూపుటకు వీలు కల్పించి పోవుట సత్సంశయ లక్షణము.

ఈ జెవన్స్ మాటయే నూఱేండ్ల తరువాత వేరొక నోట వేరొక విధముగా పలికెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు నూనె నిలిపివేసెను. పీపా నూనె ధర సుమారు 3 డాలర్ల నుండి కొలది నెలలలో 12 డాలర్లకు చేరువయ్యెను. 1975 డిసెంబరులో ఆ దేశము ఒక చట్టము చేసెను. 1985 నాటికి క్రొత్త కార్ల సగటు గాలనుకు 27.5 మైళ్లు, అనగా లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు ఉండవలెనని దాని నియమము. ఇది అంతకుముందున్న సగటునకు ఇంచుమించు రెట్టింపు. ఇట్టి నియమము పెట్టినచో ప్రజలకు బొమ్మకార్లవంటి చిన్నబండ్లు తప్ప మిగులవని తయారీదారులు భయపెట్టిరి, అట్లు జరుగలేదు. కాని చిన్న ట్రక్కులకు చట్టము తేలికైన నియమమును విడిగా పెట్టినది. ఆ సందులోనుండి పెద్ద కుటుంబబండ్లు ట్రక్కుల పేరిట బయలుదేరి, ఈ శతాబ్దపు తొలి సంవత్సరముల నాటికి అమ్ముడగు క్రొత్త బండ్లలో ఇంచుమించు సగమును ఆక్రమించెను.

దీనిని చూచి ఇరువురు సందేహించిరనుకొందము. సందు మిగిలినది గనుక దానిని మూయవలెనని ఒకడనును. సందు మిగిలినది గనుక నియమమే వలదని మరియొకడనును. ఈ రెండవవాడే జెవన్స్‌ను సాక్షిగా పిలుచును: మిగిలిన నూనెను ఎట్లును ఎక్కువ తిరిగి ఖర్చుచేయుదురు, ఇంక మిగుల్చుటవలన లాభమేమి? దీనికి బదులు అంకెలలోనే కలదు. కార్ల విషయమున జరిగిన పలు పరిశీలనలను కూర్చి చూచినచో, ఆదాయైన నూనెలో నూటికి 10 నుండి 30 వంతుల వరకు అధికప్రయాణములకు పోవునని, తక్కినది నిజముగనే మిగులునని తేలుచున్నది. స్కాట్లండు కొలుములలో నిజమైనది ప్రతిచోట నిజము కాదు. ప్రతిచోట కొలిచి చూడవలెను. కొలుచుటకు ఇష్టపడనివాడు జెవన్స్ పేరు చెప్పుట, వైద్యుని పేరు చెప్పి పథ్యము మానుట వంటిది.

ఇక వితండము పూర్తిగా ఎదిగినచో ఎట్లుండునో సీసపు పెట్రోలు కథ తెలుపును. 1921 డిసెంబరులో అమెరికాలోని జనరల్ మోటార్స్ ప్రయోగశాలయందు థామస్ మిడ్జిలీ అను ఇంజనీరు, పెట్రోలులో కొంచెము సీసపు సమ్మేళనము కలిపినచో ఇంజను లోపల పుట్టు టకటక చప్పుడు అణగునని కనుగొనెను. ఆ చప్పుడు అణగినచో ఇంజను బలమును పెంచవచ్చును. అదే పెట్రోలుతో ఎక్కువ పని తీయవచ్చును. ఎథనాలు కలిపినను ఇట్టి ఫలమే వచ్చునని వారు ఎరుగుదురు. కాని ఎథనాలు పంట పండు ప్రతిదేశమున ఎవరైనను కాచుకొనగల ద్రవ్యము. సీసపు సమ్మేళనము వారి చేతిలోని సొత్తు. 1923లో దాని అమ్మకము మొదలయ్యెను. 1924 అక్టోబరులో న్యూజర్సీలోని బేవే నూనెశుద్ధి కర్మాగారమున ఆ సమ్మేళనముతో పనిచేయు కూలీలకు మతి చలించెను, ఐదుగురు మరణించిరి. అమ్మకము కొంతకాలము ఆగి, 1926లో మరల సాగెను.

పరిశ్రమపక్షమున నిలిచిన వైద్యుడు రాబర్ట్ కీహో వాదించిన తీరు గమనింపదగినది. హాని కలదని రుజువైనచో మానవచ్చును, రుజువు కానంతవరకు మానుటకు కారణము లేదని దాని సారము. వినుటకు ఇది శాస్త్రీయముగనే యుండును. కాని రుజువు వెదకుటకు కావలసిన ధనము ఆ పరిశ్రమ చేతిలోనే యుండెను. దశాబ్దములపాటు ఆ పరిశోధన చాలవరకు దాని పోషణలోనే జరిగెను. భూమి వయస్సును నిర్ణయించిన శాస్త్రజ్ఞుడు క్లేర్ ప్యాటర్సన్, నాటి మనుష్యుల శరీరములలోని సీసము ప్రకృతిసిద్ధమైన దానికంటె ఎన్నో రెట్లు అధికమని 1965లో ప్రకటించెను. అమెరికా రోడ్లపై సీసపు పెట్రోలు 1996లో, మన దేశమున 2000లో నిలిచిపోయెను. అన్నిటికంటె చివర అల్జీరియా దానిని మానినది 2021లో. ఒక్క సందేహము 98 ఏండ్లు జీవించెను.

ఇచ్చట ఒక ధర్మసూక్ష్మమును పట్టుకొనవలెను. సందేహము తీరువరకు లోకము ఆగియుండదు. సీసము హానియా కాదా యని చర్చ జరుగుచుండగా పెట్రోలు కాలుచునే యుండెను, వీధిలోని పిల్లలు ఆ పొగను పీల్చుచునే యుండిరి. కావున 'ఇంకను తేలలేదు' అను మాట ఉభయపక్షములకు సమానమైన మాట కాదు. అది ఎల్లప్పుడును ఎవరో ఒకరి నెత్తిపై భారము పెట్టును. వంటలో ఏదో పడినదని అనుమానము కలిగినచో ఇల్లాలు ఆ వంటను పారబోయును. విషమని రుజువగువరకు బిడ్డలకు వడ్డింపదు. సందేహకాలపు లాభము ఒకరికిని, నష్టము వేరొకరికిని చేరునపుడు, నిరూపించు భారము లాభము పొందువానిపై ఉండవలెను. ఈ వ్యాసమున నేను ప్రతిపాదించు సిద్ధాంతము ఇంతే.

దీనివలన నూనెపక్షమువారి సందేహములన్నియు కపటములని తేలదు. షెల్ కంపెనీలోని భూగర్భశాస్త్రజ్ఞుడు కింగ్ హబ్బర్ట్, అమెరికాలో నూనె ఉత్పత్తి 1970 ప్రాంతమున శిఖరమునంది తగ్గునని 1956లో చెప్పెను. అట్లే జరిగినది. నూనెయుగము ముగిసినదని పలువురు నమ్మిరి. ఆ నమ్మకమును సందేహించినవారు గట్టిరాతిని నీటి ఒత్తిడితో పగులగొట్టి నూనె తీయు పద్ధతిని వృద్ధిచేసిరి. 2018లో ఆ దేశపు ఉత్పత్తి 1970 నాటి శిఖరమును దాటినది. ఆ పద్ధతివలన నీటికిని నేలకును కలుగు కీడు వేరు చర్చ. కాని నూనె మిగిలియున్నదా లేదా అను ప్రశ్నవరకు వారు సొంత సొమ్మును పణముగా పెట్టి సందేహించిరి. తప్పినచో నష్టపడువారు తామే.

దీనికి ప్రక్కన మరియొక వృత్తాంతమును ఉంచి చూడుడు. 1977 నుండి 1982 లోపల ఎక్సాన్ కంపెనీలోని శాస్త్రజ్ఞులు, బొగ్గును నూనెను కాల్చుటవలన భూమి వేడెక్కునని తమ యజమానులకు తెలియజేసిరి. వారి అంచనాలు తరువాత నిజముగా పెరిగిన వేడిమితో చాలవరకు సరిపోయినవని 2023లో సైన్స్ పత్రికయందు వెలువడిన పరిశీలన తేల్చినది. అయినను ఆ కంపెనీ తరువాతి దశాబ్దములలో ఈ శాస్త్రము ఇంకను అనిశ్చితమని పత్రికలలో ప్రకటనలు వేయించెను. ఇంటిలో నిర్ణయము, వీధిలో సంశయము! ఈ సందేహము తప్పైనచో నష్టపడువారు సముద్రతీరపు పల్లెలవారు, ఇంకను పుట్టనివారు.

మన దేశపు సంగతికి వత్తము. భారతదేశము తనకు కావలసిన ముడినూనెలో అయిదింట నాలుగు వంతులకు పైగా విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. ఈ పరాధీనతను తగ్గించుటకు పెట్రోలులో నూటికి 20 వంతులు ఎథనాలు కలుపవలెనను లక్ష్యమును 2030 నుండి 2025కు ముందుకు జరిపి, ఆ యేటనే సాధించిరి. నూఱేండ్లక్రిందట అమెరికాలో ప్రక్కకు నెట్టబడిన ఎథనాలే నేడు ప్రభుత్వాజ్ఞతో ప్రతి బంకులోనికి వచ్చుట కాలవైచిత్ర్యము. చెరకు పండించువారికి దీనివలన ఆదాయము కలదు. కాని ఎథనాలులో లీటరుకు ఉండు శక్తి పెట్రోలుకంటె సుమారు మూడవవంతు తక్కువ. పాతపద్ధతి కార్లలో మైలేజి నూటికి 6, 7 వంతులు తగ్గవచ్చునని నీతి ఆయోగ్ ప్రకటించిన 2021 నాటి నిపుణుల నివేదికయే చెప్పినది. చెరకు నీటిని త్రాగు పంట. చెరకు విస్తారముగా పండు మహారాష్ట్రమున, 2016 ఏప్రిలులో మిరజ్ నుండి లాతూరునకు త్రాగునీటిని రైలులో మోసికొనిపోవలసివచ్చెను.

స్కూటరు నడుపుకొను గుమాస్తాయో, బావి ఎండిన రైతో ఈ విషయమున సందేహించినచో, అది నూనె కంపెనీలు నేర్పిన మాటయని కొట్టివేయుట సులభము, న్యాయము కాదు. ఆజ్ఞ ఇచ్చినవాడే, తక్కువ శక్తిగల లీటరునకు న్యాయమైన ధర ఏదో, ఏ నేలలో ఎంత చెరకు తగునో నిరూపింపవలెను. సందేహించువానికిని ఒక విధి కలదు. ఎథనాలు వలదన్నచో ముడినూనె దిగుమతిని తగ్గించుటకు మరియొక ఉపాయము చెప్పవలెను. లేదా తగ్గించుట అనవసరమని కారణముతో చెప్పవలెను. రెండును చేయనివాడు తెలియకుండగనే సంశయమునుండి వితండములోనికి జారిపోవును.

యానాము చుట్టునున్న గోదావరి డెల్టా క్రింద సహజవాయువు కలదు. అచ్చటి పల్లెలకు ఈ చర్చ పుస్తకచర్చ కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి యొద్ద బావి త్రవ్వుచుండగా వాయువు ఎగదన్ని అంటుకొనెను. ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామమున గ్యాసు గొట్టము పగిలి, మంటలు వ్యాపించి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయెను. గ్యాసు కారుచున్నదని తాము ముందే మొరపెట్టుకొంటిమని గ్రామస్థులు అప్పుడు పత్రికలవారితో చెప్పిరి. న్యాయశాస్త్రమున ప్రత్యక్షమే మొదటి ప్రమాణము. ముక్కునకు వాసన తగులుటకంటె ప్రత్యక్షమేది? కాని కాగితము, ముద్ర లేని సందేహమునకు లోకములో విలువ తక్కువ. సొమ్మున్నవాని సందేహమునకు శాస్త్రమని పేరు. సొమ్ము లేనివాని సందేహమునకు పిరికితనమని పేరు. ఈ అధర్మమును సరిదిద్దుటకే నిరూపణభారము గూర్చిన నియమము కావలెను.

ఇచ్చట పూర్వపక్షి ఒక బలమైన ప్రశ్న వేయగలడు. లాభము పొందువాడు ప్రతిదానికి ముందుగా నిర్దోషమని రుజువు చూపవలెనన్నచో లోకములో క్రొత్తదీపము వెలుగునా? పిడకల పొగలో కన్నులు పోగొట్టుకొన్న స్త్రీలకు గ్యాసు పొయ్యి విముక్తి నీయలేదా? డీజిలు పంపు వచ్చిన తరువాతనే గదా ఎత్తుచేలకు నీరెక్కినది? ఈ ప్రశ్న న్యాయమైనది. మేలును కాదనుట కృతఘ్నత. అందుచేత నియమమును ఇట్లు చదువవలెను: మేలు కీడులు ఒకరికే చేరుచోట, తన సందేహమును తానే తీర్చుకొనుటకు ఆతనికి స్వేచ్ఛ కలదు. ఇల్లాలు పిడకలు విడిచి గ్యాసును ఎన్నుకొనుట అట్టిది. మేలు ఒకరికి, కీడు మరియొకరికి చేరుచోట మాత్రమే భారము ప్రక్కకు జరుగును. పిడకల పొయ్యిని ఆర్పిన గ్యాసు, నగరం గ్రామమును కాల్చిన గ్యాసు ఒక్కటియే; కాని దానివలన వండుకొన్నవారు, దానివలన మరణించినవారు వేరు.

ఇంతవరకు వచ్చిన పిదప ఒక మాట దాచరాదు. లాభము పొందువాడు కంపెనీ యజమాని మాత్రమే కాదు. బండి ఎక్కు ప్రతివాడును, దీపము వెలిగించు ప్రతి ఇల్లును ఆ లాభములో పాలుపంచుకొన్నవే. నూనె వ్యాపారిని నిందించుచు అవసరము లేని ప్రయాణములు చేయువాని సందేహమునకు బలము లేదు. లీటరుకు ఎక్కువ దూరము పోవు బండి కొనుట పొదుపు కాదు. పొదుపునకు అవకాశము మాత్రమే. మిగిలిన సొమ్మును ఏమి చేయవలెనో ముందుగనే నిర్ణయించుకొన్న ఇంటిలో అది పొదుపగును. లేనిచో జెవన్స్ చూపిన కొలుములోనికే పోవును.

పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు నిరూపణభారమనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. బిడ్డలకు మాతృభాషలో ప్రాథమికవిద్య కావలెనన్నచో తరగతికి 10 మందియో, పాఠశాలకు 40 మందియో ఉండవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. ఆ లెక్క సమకూర్చుటకు పెద్దలు ఇంటింటికి తిరుగవలసివచ్చిన ఊళ్లు కలవు. బలహీనుడే ఎల్లప్పుడును రుజువు తేవలసివచ్చుట ఎంత బరువో ఎరిగినవారు, ఇతరులపై ఆ బరువు పడుటను చూచి మిన్నకుండరాదు.

కావున ఇంధనమును గూర్చి ఎవరైనను సందేహము వెలిబుచ్చినచో, వారు ప్రభుత్వపక్షమువారైనను, కంపెనీపక్షమువారైనను, మన పొరుగువారైనను, మూడు ప్రశ్నలు వేయుదము. ఏమి చూపినచో నీ సందేహము తీరును? నీ పక్షమును గూడ ఇదే కొలతతో కొలుచుకొంటివా? ఇది తీరువరకు నష్టము మోయువారు ఎవరు? మొదటి రెంటికి బదులు చెప్పగలవాడు పండితుడు. మూడవదానికి బదులు చెప్పి, ఆ భారమును తానును కొంత మోయువాడు ధర్మాత్ముడు. అట్టివాని సంశయము వినాశహేతువు కాదు. అది జ్ఞానమునకు ద్వారము.